బంకమట్టిలో బంగారం: ప్లాంటు కంటే ముందు చెరువు లెక్క

సాలూరు: బంగారం ధారణ ఎక్కినప్పుడల్లా రేణువు బంగారం మీద వర్తకులకు ఆశ పుట్టడం కొత్త కాదు. 1980 జనవరిలో లండన్‌లో ఔన్సు 850 డాలర్లు పలికింది. 2025లో మన మార్కెట్లలో 10 గ్రాముల మేలిమి లక్ష రూపాయలు దాటింది. ఇటువంటి రోజుల్లో నది ఒడ్డు మట్టిని కడిగి బంగారం తీస్తామని, వాటా తీసుకోమని, యంత్రాలు కొనమని వచ్చే ప్రతిపాదనలు ఎక్కువవుతాయి. మట్టిలో బంగారం ఉన్నదా అన్న ప్రశ్న అందరూ వేస్తారు. ఆ మట్టిలో బంక ఎంత అన్న ప్రశ్న వేసేవారు తక్కువ. నష్టం చాలా సార్లు ఈ రెండో చోటే వస్తుంది.

సాలూరు ఎగువ కొండల్లో పుట్టి నాగావళిలో కలిసే నదికి సువర్ణముఖి అని పేరు. చిత్తూరు సీమలో మరో స్వర్ణముఖి ఉంది. శ్రీకాళహస్తి గుడి కట్టిన కూలీలకు ఆ నది ఇసుకే కూలి అనీ, చేసిన పనికి తగ్గట్టు అది బంగారమైందనీ అక్కడ కథ చెబుతారు. కథ బాగున్నది గాని, పేరును బట్టి మదుపు పెట్టరాదు. సాలూరు కొండలు ఖొండలైటు, చార్నొకైటు రాళ్ళవి. ఆంధ్రదేశంలో బంగారానికి పేరుపడిన రామగిరి, చిగురుగుంట, జొన్నగిరి మూడూ ధార్వారు శిలల పట్టీలకు చెందినవి. అక్కడ కూడా లోహం గట్టి రాతిలో ఉంది గాని ఇసుకలో కాదు. సాలూరు పరిసరాల్లో బంగారు గని అంటూ ఏదీ లేదు.

అయినా ఈ పాఠం సాలూరు వర్తకులకు పరాయిది కాదు. బంకలోంచి ఖనిజాన్ని విడదీసే కష్టం ఈ జిల్లాలకు నూరేళ్ళకు పైగా తెలుసు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. కోడూరు, గర్భాం వైపు ఖనిజం చాలా చోట్ల మెత్తబడిన తెల్లమట్టిలో, కావిమట్టిలో పొదిగి ఉంటుంది. 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపాల మీద పెద్ద గ్రంథం వెలువరించిన ఫెర్మర్ దొర అక్కడి రాతికి కోడూరు పేరు మీదనే కోడురైటు అని పేరు పెట్టాడు. మట్టి అంటుకున్న సరుకుకు ధర కోత పడుతుందని మాంగనీసు కమీషన్‌దారులకు ఒకరు చెప్పనవసరం లేదు. మాంగనీసులో కోతతో సరిపోతుంది. బంగారంలో సరుకే చేతికి రాదు.

బంక చేసే నష్టం

బంగారం సాంద్రత 19.3. మామూలు ఇసుక 2.65. ఇంత తేడా ఉంది గనుక వాలు తొట్టిలో నీరు పారిస్తే ఇసుక కొట్టుకుపోయి బంగారం అడుగున నిలుస్తుంది. ఇంట్లో బియ్యం గాలించడం, కంసాలి వీధి దుమ్ము జలగడగడం, నీలంబూరు దగ్గర చాలియార్ నదిలోనూ సుబర్ణరేఖలోనూ ఇసుక గాలించడం, అన్నీ ఒకటే సూత్రం. శుభ్రమైన ఇసుక, కంకర ఉన్న చోట ఈ సూత్రం చవకగా పనిచేస్తుంది.

బంక ఉన్న చోట మూడు విధాల అడ్డుపడుతుంది. ముద్ద విడివడకపోతే లోపల ఉన్న రేణువు నీటికి అందదు. అంతకన్న ఘోరం, తిరుగుడు జల్లెడలో దొర్లే మట్టి ముద్ద లడ్డూ చుట్టినట్టు గుండ్రమై, దారిలో విడిపడిన రేణువులను కూడా ఒంటికి అద్దుకుని, పెద్ద రాళ్ళతో పాటు చెత్తకుప్ప మీదికి చేరుతుంది. ముద్ద విడివడినా ఇబ్బంది తీరదు. బంక కలిసిన నీరు గంజిలా చిక్కబడి, పొడి వంటి సన్నని బంగారాన్ని అడుగుకు దిగనివ్వదు. పెద్ద రేణువులు దక్కుతాయి, సన్నవి పోతాయి. నదీతీరపు బంగారంలో సన్నరేణువుల వాటా తరచు పెద్దది కావడంతో ఈ పోవడం చిన్న విషయం కాదు.

లెక్కకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి ఏ ఒక్క గనివీ కావు, పద్ధతి తెలియడానికి అనుకున్న అంకెలు. ప్లాంటు గంటకు 40 ఘనపు మీటర్ల చొప్పున రోజుకు 10 గంటలు నడుస్తుంది. అంటే రోజుకు 400 ఘనపు మీటర్ల నేల. ఘనపు మీటరుకు పావు గ్రాము బంగారం ఉన్నదనుకుంటే రోజుకు 100 గ్రాములు. నూటికి 80 వంతులు దక్కితే 80 గ్రాములు, బంక మూలంగా సగమే దక్కితే 50. తేడా 30 గ్రాములు. 10 గ్రాములకు లక్ష చొప్పున వేసినా రోజుకు 3 లక్షలు, ఏడాదికి 200 పనిదినాలకు 6 కోట్లు. తవ్వకం ఖర్చు, డీజిలు, జీతాలు రెండు సందర్భాల్లోనూ ఒకటే గనుక ఈ 6 కోట్లూ లాభంలోంచే పోతాయి. చాలా ప్లాంట్లకు అంత లాభమే ఉండదు.

పళ్ళెం చూపే భ్రమ

వాటా అమ్మవచ్చినవారు సాధారణంగా చూపేది ఒక పళ్ళెం మట్టి. కళ్ళ ఎదుట గాలించి, అడుగున మెరిసే రేణువు చూపుతారు. 10 లీటర్ల పళ్ళెంలో, పైన చెప్పిన పావు గ్రాము లెక్కన, ఉండవలసింది రెండున్నర మిల్లీగ్రాములు. ఒక మిల్లీమీటరు మందం గల గుండ్రటి బంగారు రేణువు ఒక్కటే 10 మిల్లీగ్రాములు తూగుతుంది. అటువంటిది ఒక్కటి పడితే నేల నాలుగింతలు గొప్పదిగా కనబడుతుంది, పడకపోతే ఏమీ లేనిదిగా కనబడుతుంది. రెండూ నిజం కావు. వరుసగా గోతులు తీసి, ఒక్కో గోతి నుంచి ఘనపు మీటర్ల లెక్కన మట్టి కడిగి చూస్తే తప్ప సగటు తేలదు. పళ్ళెంలో ఎవరైనా ఆకురాయి పొడి కలిపితే? భూతద్దం కింద ఆకురాయి పొడి అంచులు పదునుగా ఉంటాయి, నది రేణువు అంచులు అరిగి నున్నబడి ఉంటాయి. ఇది కంసాలి ఎవరిని అడిగినా చెబుతాడు.

మరొక మెలిక కొలతలో ఉంది. నేలలో బిగిసి ఉన్న ఘనపు మీటరు తవ్వితే ఉబ్బి 1.3 వరకు అవుతుంది. లారీలో కొలిచిన మట్టికీ, నేలలో కొలిచిన మట్టికీ తేడా ఉంటుంది. సాలూరు లారీ యజమానులకు ఇది కొట్టినపిండి. 400 ఘనపు మీటర్ల నేల అంటే 10 ఘనపు మీటర్ల టిప్పర్లు 40 కాదు, 52 ట్రిప్పులు. కాగితం మీద బంగారం ఏ కొలత మీద చెప్పారో, యంత్రం సామర్థ్యం ఏ కొలత మీద చెప్పారో విడివిడిగా అడిగి రాయించుకోవాలి.

ఇక బంక పరీక్షకు ఖర్చు లేదు. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీరు పోసి, గట్టిగా కుదిపి నిలబెడితే కంకర, ఇసుక నిమిషంలో దిగుతాయి. పైన పొగమంచులా నిలిచేది బంక. అది ఎన్ని గంటలకు, ఎన్ని రోజులకు దిగుతుందో గుర్తు పెట్టుకోవాలి. రెండో పరీక్ష, పిడికెడు ముద్దను బకెట్ నీటిలో కదపకుండా వదలడం. గంటలో కరిగి కుప్పకూలితే ఆ నేల దారికి వస్తుంది. మరునాటికి కూడా ముద్దగానే ఉంటే యంత్రబలం బాగా కావాలి. అదే ముద్దను ఎండబెట్టి మళ్ళీ నీటిలో వేసి చూడటం మరువరాదు. పచ్చిగా మొండికేసిన మట్టి చాలా సార్లు ఎండిన తరువాత ఇట్టే విచ్చిపోతుంది. అలా అయితే వేసవిలో తవ్వి పరచి ఎండనిచ్చే పద్ధతి లక్షల రూపాయల యంత్రాన్ని ఆదా చేస్తుంది.

దమ్ము పట్టే యంత్రాలు

వరి మడికి దమ్ము పట్టడం చూసినవారికి బంక నేల బంగారు ప్లాంటు సగం అర్థమైనట్టే. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు బెండిగోలో 1850ల్లో సరిగ్గా ఇదే చేశారు. గుండ్రటి కాలువలో బంకమట్టి, నీరు వేసి, గుర్రం చేత పళ్ళ చట్రాన్ని గానుగలా తిప్పించి, బురదను బయటికి వదిలి, అడుగున నిలిచిన కంకరను గాలించేవారు. ఇటువంటి గుర్రపు గానుగలు వందల కొద్దీ నడిచాయి. బంగారం వచ్చింది. దానితో పాటు వచ్చిన బురద వాగులను పూడ్చి, దారులను ముంచి, చివరికి బురద సంగతి తేల్చడానికి 1859లో అక్కడి ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్‌నే వేయవలసి వచ్చింది. కాలిఫోర్నియాలో నీటి ఫిరంగులతో కొండలను కరిగించిన కంపెనీలకు దిగువ రైతుల దావాలో 1884లో కోర్టు అడ్డుకట్ట వేసింది. అక్కడా బంగారం అయిపోయి కాదు, బురదకు చోటు లేక పని ఆగింది.

నేటి యంత్రాలు ఆ గానుగకు వారసులే. స్క్రబ్బర్ అంటే లోపల రెక్కలు గల తిరుగుడు డ్రమ్ము, అది మట్టిని ఎత్తి పడేస్తుంది. లాగ్ వాషర్‌లో రెండు ఇరుసుల మీది గట్టి తెడ్లు ముద్దను పిసికి చీలుస్తాయి. మొండి బంకకు ఇదే మేలు. ట్రామెల్ అనే గొట్టపు జల్లెడ రాళ్ళను వేరు చేయడానికే గాని ముద్ద విడదీయడానికి కాదు. దానికి నీటి జెట్లు తగిలించి “కడిగే ప్లాంటు” అని అమ్మడం ఈ వ్యాపారంలో తరచు కనబడే పని. ఇసుక నేలకు అది చాలు, బంకకు చాలదు.

సైజు ఎంచడంలో అసలు ప్రశ్న మట్టి డ్రమ్ములో ఎన్ని నిమిషాలు ఉంటుందన్నది. ఘనపు మీటరు నేల ఎండు బరువు 1.8 టన్నులనుకుంటే గంటకు 40 ఘనపు మీటర్లు అంటే 72 టన్నులు. సమ బరువు నీరు కలిపితే గంటకు సుమారు 99 ఘనపు మీటర్ల బురద, నిమిషానికి 1.65. డ్రమ్ములో పావు వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే నిండుగా ఉంటుంది. ఒక్క నిమిషం చాలే మట్టికి 6 ఘనపు మీటర్ల డ్రమ్ము సరిపోతుంది. అయిదు నిమిషాలు అడిగే మట్టికి 30 ఘనపు మీటర్లది కావాలి, అంటే ఇంచుమించు 2.4 మీటర్ల వ్యాసం, 6.6 మీటర్ల పొడవు. చిన్న డ్రమ్ము కొన్న ఆసామి ఆ మట్టితోనే నడపదలిస్తే గంటకు 40 కాదు, 8 ఘనపు మీటర్లు మాత్రమే వేయగలడు. కేటలాగులో “గంటకు 40” అని రాసింది అబద్ధం కాదు. అది వేరే మట్టికి రాసిన మాట.

కడిగిన తరువాతి ఘట్టాలు సులువైనవి. జల్లెడ దిగిన సన్నసరుకులోంచి హైడ్రోసైక్లోన్‌లతో బంకనీటిని తోసివేసి, మిగిలిన ఇసుకను జిగ్ మీదికో, వాలు తొట్టి మీదికో, సన్నబంగారం ఉంటే వేగంగా తిరిగే సెంట్రిఫ్యూగల్ గిన్నె మీదికో పంపుతారు. చివర మిగిలే నల్లఇసుకను ఊగే బల్ల మీద వేరు చేసి కరిగిస్తారు. పాదరసం వేసి లాగే పాత పద్ధతికి పోరాదు. 2013 నాటి మినమాటా ఒడంబడికను మన దేశం 2018లో ఆమోదించింది. ఒడంబడిక లేకపోయినా పాదరసపు ఆవిరి కరిగించేవాడి ఊపిరితిత్తులనే ముందు పట్టుకుంటుంది.

తవ్విన గొయ్యి చాలదు

అసలు లెక్క ఇక్కడుంది. పెట్టుబడి కాగితాల్లో కనబడనిదీ ఇదే.

పై ఉదాహరణలో రోజుకు 720 టన్నుల ఎండు మట్టి వస్తుంది. అందులో నూటికి 40 వంతులు బంక అయితే 288 టన్నులు. చెరువులో కొంతకాలం నిలిచిన బంక బురద బరువులో నూటికి 30 వంతులు మట్టి, 70 వంతులు నీరు అనుకుంటే, ఆ 288 టన్నుల బంక 672 టన్నుల నీటిని తనతో బిగబట్టి ఉంచుతుంది. రెండూ కలిపి 780 ఘనపు మీటర్లు. తవ్వింది 400 ఘనపు మీటర్లు, దాచుకోవలసిన బురద దానికి ఇంచుమించు రెండింతలు, ఇసుక, కంకర కుప్ప అదనం. తవ్విన గొయ్యిలోనే తిరిగి నింపుతామన్న మాట ఈ లెక్కకు నిలవదు. ఏడాదికి 200 రోజులకు లక్షా 56 వేల ఘనపు మీటర్లు. మూడు మీటర్ల లోతున నిలవ చేయాలంటే 13 ఎకరాల చెరువు, గట్లు కాక.

బురద దిగడానికి కాలం పడుతుంది. 2 మైక్రాన్ల మట్టి కణం నిశ్చలమైన నీటిలో ఒక మీటరు దిగడానికి సిద్ధాంతం ప్రకారమే మూడు రోజులకు పైగా పడుతుంది. అంతకంటే సన్నవాటికి ఇంకా ఎక్కువ, ఎందుకంటే సైజు సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. మన ఇళ్ళల్లో ఏటి నీటికి ఇండుపగింజ అరగదీసి కలిపేవారు. పటిక తిప్పేవారు. ప్లాంటులోనూ పటిక, సున్నం, లేదా ఫ్లాక్యులెంట్ అనే రసాయనం వాడి కణాలను జట్టు కట్టించి దింపుతారు. ఇందులో ఒక వైరుధ్యం ఉంది. స్క్రబ్బర్‌లో బంక వీలైనంతగా విడిపోవాలి, చెరువులో అదే బంక వీలైనంతగా జట్టు కట్టాలి. జట్టు కట్టించే మందు ఎక్కువైతే తిరిగి వాడే నీటితో పాటు డ్రమ్ములోకి చేరి ముద్ద విడివడటాన్ని చెడగొడుతుంది. మోతాదు రోజూ చూసే మనిషి కావాలి. జీతాల పట్టికలో ఆ మనిషి ఉన్నాడో లేడో చూస్తే ప్రతిపాదన వేసినవారి అనుభవం తెలిసిపోతుంది.

నీటి సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. ఘనపు మీటరు నేలకు 8 ఘనపు మీటర్ల నీరు అనుకుంటే రోజుకు 32 లక్షల లీటర్లు తిరగాలి. ఇందులో బంక బిగబట్టిన 6 లక్షల 72 వేల లీటర్లు తిరిగి రావు. ఇసుకతో పోయేది, ఎండకు పోయేది అదనం. ఏ రోజుకారోజు అంత కొత్త నీరు తేవాలి. సాలూరు వంటి చోట వానాకాలం వాగు నిండుగా ఉన్నప్పుడు చెరువు గట్టు భయం, వేసవిలో గట్టు క్షేమం గాని వాగులో నీరుండదు. ఇక్కడి సువర్ణముఖి మీదనే సాలూరు దగ్గర వెంగళరాయసాగర్, దిగువన మద్దువలస జలాశయాలున్నాయి. ఇటువంటి నది మీద గట్టు తెగితే ఆ బంక చేరేది సాగు కాలువల్లోకే. ఆ పరిహారానికి బంగారం చాలదు.

ఎవరి నేల

చట్టం సంగతి రెండు మాటల్లో. బంగారం మేజర్ మినరల్. ఇసుక లీజు చేతిలో ఉంటే అందులోని బంగారం మీద హక్కు రాదు. 2015 నుంచి మేజర్ ఖనిజాల లీజులు వేలం మీదనే. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో సాలూరు, పాచిపెంట వైపు కొండ గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతం. 1970లో సవరించిన భూమి బదలాయింపు నిబంధన ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల పేరు మీదికి రాదు. అనంతగిరి మండలంలోని గనుల నుంచి పుట్టిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ప్రభుత్వ భూమిని కూడా అక్కడ గిరిజనేతరులకు గని లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. గిరిజనుడి పేరు మీద పట్టా ఉంది, వెనుక డబ్బు మాత్రం మీది అనే ఏర్పాటుతో వచ్చే దళారీని గుమ్మం దాటనివ్వకపోవడం క్షేమం. అది మదుపరి డబ్బుకూ ముప్పే, ఆ గిరిజనుడి నేలకూ ముప్పే.

వయనాడు జ్ఞాపకం

వాటాల ఉత్సాహం ఎంత దూరం పోగలదో చూడాలంటే 1879 నుంచి 1882 వరకు వయనాడు, గూడలూరు చరిత్ర చదవాలి. విక్టోరియాలో గనుల శాఖ కార్యదర్శిగా పనిచేసిన బ్రౌ స్మిత్‌ను భారత ప్రభుత్వం పిలిపించింది. ఆయన నివేదిక 1880లో వచ్చింది. దాన్ని చూపి లండన్‌లో కంపెనీల మీద కంపెనీలు తేలాయి. లక్షల పౌన్ల వాటాలు అమ్ముడుపోయాయి. దేవాల, పందలూరు కొండల్లో బంగళాలు లేచాయి, పందలూరులో గుర్రప్పందాల మైదానం కూడా వెలసింది. బంగారం ఉన్నమాట నిజమే. టన్నుకు ఎంత దక్కుతుందో యంత్రాలు కొన్న తరువాత తెలిసింది. రెండు మూడేళ్ళలో కంపెనీలు మూతపడ్డాయి. యంత్రాలు కొండల్లో తుప్పుపట్టాయి.

ప్లాంటు అమ్మేవారు బంగారం పట్టే పెట్టె దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తారు. కొనేవారు బురద చెరువు దగ్గర మొదలుపెట్టి ముందుకు రావాలి. చెరువుకు చోటు, నీటికి ఆధారం, ముద్ద విడదీయడానికి కావలసిన నిమిషాలు, ఈ మూడూ తేలిన తరువాతే ఏ పెట్టె, ఏ కంపెనీది అన్న మాట. ఒప్పందంలో సామర్థ్యం కొనేవారి నేల నుంచి తెచ్చిన మట్టి మీద చూపాలని రాయించాలి. కనీసం ఒక రోజంతా, ఎండిన మట్టితో ఒకసారి, తడి మట్టితో ఒకసారి. జల్లెడ చివర పడే ముద్దలను పది చోట్ల తీసి చేత్తో పిసికి కడిగి చూడాలి. వాటిలో రంగు కనబడినంత కాలం ఆఖరి వాయిదా సొమ్ము చెల్లించకుండా ఉంచుకోవచ్చు. వచ్చిన పొడిని అమ్మేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. నది బంగారంలో వెండి కలిసి ఉంటుంది, వన్నె చోటుచోటుకూ మారుతుంది. ఒరగల్లు గీతతో బేరం కుదుర్చుకోకుండా, కరిగించిన దిమ్మె నుంచి నమూనా తీసి పరీక్ష చేయించి, మేలిమి బరువు మీదనే ధర కట్టించుకోవాలి.